గోడల్లో పాదరసం!

పెరూ దేశంలో, ఆండీస్ కొండల నడుమ ఓ చిన్న పట్టణం... హువాంకవెలికా. ఒకప్పుడు ప్రపంచమంతా చలామణీ అయిన వెండి నాణేల వెనక ఆ ఊరి పాదరసం ఉంది. వెండి ఎటో వెళ్లిపోయింది. నాణేలు కరిగిపోయాయి. సామ్రాజ్యం కూలిపోయింది. పాదరసం మాత్రం ఊరు విడిచి పోలేదు!

కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఊళ్లో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం వస్తుంది. అక్కడి ఎత్తు సుమారు 3,670 మీటర్లు. మన తిరుమల కొండకు నాలుగు రెట్లకు పైమాటే! సముద్రతీరంలో ఒక్కసారి గుండెల నిండా పీల్చే ప్రాణవాయువులో అక్కడ మూడింట రెండొంతులే దక్కుతుంది.

భూమధ్యరేఖకు ఉత్తరాన మన చిత్తూరు ఎంత దూరంలో ఉందో, దక్షిణాన హువాంకవెలికా దాదాపు అంతే దూరంలో ఉంది. లెక్క ప్రకారం ఎండలు మండిపోవాలి. కానీ ఎత్తు ఆ లెక్కను తారుమారు చేసేసింది. పగలు నులివెచ్చని ఎండ, రాత్రి గడ్డకట్టించే చలి. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు. చుట్టూ బోడి కొండలు. ఊరి మధ్యగా పారే నది పేరు ఇచు. కొండల మీద గుత్తులు గుత్తులుగా పెరిగే బిరుసు గడ్డి పేరు కూడా ఇచునే. చెట్లు అంతంతమాత్రంగా ఉండే ఆ సీమలో ఇంటి కప్పుకీ, పొయ్యికీ, లామాల మేతకీ అన్నిటికీ ఆ గడ్డే దిక్కు. 2017 జనాభా లెక్కల నాటికి పట్టణంలో ఉన్నది యాభై వేల లోపు జనం. హువాంకవెలికా అనే ప్రాంతానికి అదే ముఖ్యపట్టణం. పెరూలో అత్యంత పేద ప్రాంతాల జాబితా తీస్తే ఆ పేరు ముందు వరసలోనే కనిపిస్తుంది.

విచిత్రమేమిటంటే, 1571లో స్పెయిన్ వాళ్లు ఈ ఊరికి పెట్టిన పేరులో ‘విల్లా రికా’ అన్న మాట ఉంది. అంటే... సంపన్న పట్టణం!

ఎర్ర రాయి కథ

ఊరికి దక్షిణాన ఉన్న కొండ పేరు సాంతా బార్బరా. గని కార్మికులను కాపాడే దేవతగా క్రైస్తవులు కొలిచే పునీతురాలి పేరది. ఆ కొండ కడుపులో ఉన్నది ఎర్రటి రాయి... ఇంగిలీకం. పాదరసం, గంధకం కలిసి ఏర్పడే ఖనిజం. దాన్ని నూరితే కళ్లు చెదిరే ఎరుపు రంగు వస్తుంది. అక్కడి జనానికి ఈ సంగతి స్పెయిన్ వాళ్లు రాకముందు, ఆ మాటకొస్తే ఇంకా సామ్రాజ్యం పుట్టకముందు నుంచీ తెలుసు. చుట్టుపక్కల సరస్సుల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదను పరీక్షించిన శాస్త్రవేత్తలు, క్రీస్తుకు పూర్వం 1400 ప్రాంతంలోనే అక్కడ ఇంగిలీకం తవ్వకాలు మొదలయ్యాయని 2009లో ప్రకటించారు. అయితే అప్పట్లో తవ్వింది రంగు కోసం. ముఖాలకు పూసుకోవడానికి, పూజలకు.

ఆ రంగే కొంప ముంచింది. ఎన్రికె గార్సెస్ అని పోర్చుగీసు దేశస్థుడొకడు పెరూలో ఉండేవాడు. స్థానికులు వాడే ఎర్ర రంగును 1550ల చివర్లో చూసి, ఇది పాదరసపు రాయి కదా అని పోల్చుకున్నాడు. ఈయనగారు కవి కూడా. వాస్కోడగామా మన దేశానికి వచ్చిన యాత్ర మీద కమొయిష్ రాసిన పోర్చుగీసు మహాకావ్యాన్ని స్పానిష్‌లోకి అనువదించిన మనిషి ఈయనే! కవిత్వం, పాదరసం... రెండూ ఒకే చేతిలో.

అసలు కొండను స్పెయిన్ వాళ్లకు చూపించింది మాత్రం గొంజాలో న్యావింకోపా అనే స్థానిక పెద్ద. దీని వెనక ఓ కథ చెబుతారు. అమడోర్ దె కబ్రేరా అనే దొర పండగ ఊరేగింపులో తన ఖరీదైన టోపీని పట్టుకోమని ఓ కుర్రాడికి ఇచ్చాడట. కుర్రాడు దాన్ని పోగొట్టాడు. దొర కోపం నుంచి కొడుకును కాపాడుకోవడానికి తండ్రి ఆ ఎర్ర కొండ ఆచూకీ చెప్పేశాడట. ఆ తండ్రే న్యావింకోపా అంటారు. టోపీ సంగతి నిజమో కల్పనో గానీ, 1564 జనవరి 1న కబ్రేరా గని తనదని నమోదు చేయించుకున్న మాట నిజం. ఒక టోపీకి బదులుగా ఒక కొండ!

పాదరసం ఎందుకంత ప్రియం?

పాదరసం అనగానే మనకు గుర్తొచ్చేది ఒకప్పటి జ్వరం థర్మామీటరు. పగిలితే నేల మీద ముత్యాల్లా దొర్లేది. పిల్లలు వేళ్లతో ఆడుకోబోతే పెద్దలు కసిరేవారు. పదహారో శతాబ్దంలో దాని విలువ వేరు. వెండి గనుల్లో పైపొరల్లో ఉన్న మేలిరకం ఖనిజం అయిపోయాక మిగిలింది నాసిరకం. దాన్ని ఉత్త మంటతో కరిగిస్తే గిట్టుబాటు కాదు. పాదరసానికేమో ఓ గుణం ఉంది... వెండి కనిపిస్తే చాలు, తనలో కలిపేసుకుంటుంది. ఖనిజాన్ని పిండి చేసి, ఉప్పు, నీళ్లు, పాదరసం వేసి కలియదొక్కితే వెండి అంతా పాదరసానికి అంటుకుంటుంది. ఆ ముద్దను కడిగి వేడి చేస్తే పాదరసం ఆవిరైపోతుంది, వెండి మిగులుతుంది. మెక్సికోలో 1554 నుంచే ఈ పద్ధతి ఉంది. 1570ల మొదట్లో దక్షిణాన పొటోసీకి చేరింది.

పొటోసీ అంటే ఇప్పటి బొలీవియాలో ఉన్న వెండి కొండ. ఆ రోజుల్లో లోకంలోనే అతి పెద్ద వెండి గని. దానికి కావాల్సిన పాదరసం హువాంకవెలికాలో దొరికింది. పెరూను ఏలడానికి స్పెయిన్ రాజు పంపిన ఫ్రాన్సిస్కో దె టొలెడో ఈ అవకాశాన్ని ఇట్టే పట్టేశాడు. ఈ రెండు కొండలకూ పెళ్లి చేస్తే లోకంలో అంతకు మించిన పెళ్లి ఉండదని అన్నట్టు చెబుతారు. పెళ్లి చేశాడు కూడా! గనులను రాజుగారి సొత్తుగా మార్చాడు. కబ్రేరా లాంటి వాళ్లు తవ్వించుకోవచ్చు, కానీ పాదరసాన్ని రాజుగారి ధరకు, రాజుగారికే అమ్మాలి. ఇక్కడ ‘గని యజమాని స్పెయిన్ రాజు’ అన్న ముక్కను గుర్తుంచుకోవాలి. ఈ కథ చివర్లో దాంతో పనుంది.

పెళ్లి ఊరేగింపు మాత్రం చాలా దూరం. గొర్రె తోలు సంచుల్లో పాదరసం నింపి, లామాల వీపున వేసి, పడమటి తీరంలోని చించా రేవుకు దించేవారు. అక్కడి నుంచి ఓడలో అరికాకు. మళ్లీ కంచరగాడిదల మీద కొండలెక్కించి పొటోసీకి. అలా తీసిన వెండి నాణేలై అట్లాంటిక్ దాటింది. అందులో కొంత డచ్చి, ఇంగ్లిషు కంపెనీల ఓడల్లో మన మచిలీపట్నం రేవుకూ వచ్చింది. కోరమాండల్ తీరంలో నేసిన, అద్దిన బట్టలను ఆ కంపెనీలు కొన్నది ఎక్కువగా వెండి, బంగారాలు పోసే. మన నేతగాళ్ల చేతికి చేరిన వెండిలో ఏ కాస్తకో హువాంకవెలికా పాదరసం తగిలే ఉంటుంది.

ఏడుగురిలో ఒకరు

ఇంతకీ తవ్వేదెవరు? టొలెడో దానికీ దారి చూపాడు. ఇంకాల కాలంలో ‘మీతా’ అని ఓ పద్ధతి ఉండేది. ఊళ్లవాళ్లు వంతులవారీగా రాజ్యానికి పనిచేసి పెట్టాలి. పేరు అదే ఉంచి, దాన్ని గనుల వెట్టిగా మార్చేశాడాయన. చుట్టుపక్కల జిల్లాల్లో పన్ను కట్టే ఈడు మగవాళ్లలో ప్రతి ఏడుగురికీ ఒకరు రెండేసి నెలల వంతున గనికి రావాలి. కూలీ పేరుకు ఉండేది. తొలినాళ్లలో ఒక్కో దఫాకు మూడు వేల మంది వరకు ఉండేవారు. ఊళ్లలో మనుషులు తగ్గిపోయి, 1645 ఒప్పందం నాటికి ఆ సంఖ్య 620కి పడిపోయింది.

మనుషులు ఎందుకు తగ్గారంటే... కొందరు చచ్చిపోయారు, మరికొందరు పారిపోయారు. గని లోపల గాలి ఆడేది కాదు. రాయి పగలగొడుతుంటే లేచే ధూళి, దాంతోపాటు పాదరసం ఆవిరి. ముందు దగ్గు. తర్వాత చిగుళ్ల నుంచి రక్తం. ఆపైన చేతులు, తల ఆగకుండా వణకడం. ‘గని జబ్బు’ అనేవారు దాన్ని. ఆ జబ్బుతో పోయినవాళ్ల శవాలు మట్టిలో కలిసిపోయాక గోతి అడుగున పాదరసం మడుగు కట్టి కనిపించేదని ఆనాటివాళ్లు రాసిపెట్టారు. వంతు తప్పించడానికి కన్నతల్లులే కొడుకుల చేతులూ కాళ్లూ అవిటి చేసేవారనీ రాశారు. ఏ తల్లయినా ఆ పనికి సిద్ధపడిందంటే, గని ఎలాంటిదో వేరే చెప్పాలా?

పాలకులకు తెలియక కాదు. 1604లో వైస్రాయ్ లూయిస్ దె వెలాస్కో భూగర్భంలో తవ్వకాలు ఆపి పైనుంచే తవ్వమన్నాడు. పాదరసం తగ్గింది. వెండి తగ్గే ప్రమాదం వచ్చింది. ఆ ఉత్తర్వు మూలపడింది! లోపలికి గాలి ఆడేలా కొండ కింది నుంచి ‘బెలెన్’ సొరంగం తవ్వడం మొదలుపెట్టారు గానీ, అది పూర్తయ్యేసరికి 1642 వచ్చింది. అప్పటికి గని మొదలై దాదాపు ఎనభై ఏళ్లు. ఆ సొరంగం ముఖద్వారం మీద కొండరాతిలో చెక్కిన స్పెయిన్ రాజముద్ర ఇంకా నిలిచే ఉంది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఆంటోనియో దె ఉల్లోవా గవర్నరుగా వచ్చాడు. భూమి ఆకారాన్ని కొలవడానికి భూమధ్యరేఖ దగ్గరికి వెళ్లిన ఫ్రెంచి బృందంలో పనిచేసిన పేరున్న శాస్త్రవేత్త. ప్లాటినం గురించి లోకానికి వివరంగా చెప్పిన తొలి మనుషుల్లో ఒకడు. 1758 నుంచి 1764 దాకా హువాంకవెలికాలో ఆయన చేసిందల్లా లెక్కల్లో దొంగల్ని పట్టుకోబోయి, వాళ్ల చేతిలో ముప్పుతిప్పలు పడటమే. గని పైకప్పును మోసే రాతి స్తంభాల్లోనూ మంచి ఖనిజమే ఉంది. వాటినే చాటుగా చెక్కేసుకునేవారు. చివరికి భయపడ్డదే జరిగింది. 1786లో గని కుప్పకూలింది. వంద మందికి పైగా సమాధి అయ్యారు. గని ఆ తర్వాత పూర్తిగా కోలుకోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఓ ప్రైవేటు సంస్థ కొన్ని దశాబ్దాలు నడిపినా, 1970ల్లో శాశ్వతంగా మూతపడింది.

పొగ ఎటు పోయింది?

గనిలోకి దిగినవాళ్ల కథ ఇది. మరి ఊళ్లో ఉన్నవాళ్ల సంగతి? ఇంగిలీకాన్ని కొలిమిలో కాలిస్తే పాదరసం ఆవిరిగా లేస్తుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే మళ్లీ ద్రవమవుతుంది. కొలిమికి కట్టెలు లేవు కాబట్టి ఇచు గడ్డే వంట చెరకు. 1633లో లోపె దె సావెద్రా బార్బా అనే వైద్యుడు, మట్టి గొట్టాలను ఒకదానికొకటి తగిలించి వరసగా పేర్చి, ఆవిరి వాటిలో ప్రయాణిస్తూ చల్లబడేలా కొత్త కొలిమి కట్టాడు. దాన్ని చూసి వెళ్లిన బుస్తమాంతె అనే ఆయన స్పెయిన్‌లోని అల్మాడెన్ గనుల్లో 1646లో అలాంటివే కట్టించాడు. అక్కడ వాటికి ‘బుస్తమాంతె కొలుములు’ అని పేరు పడింది. కనిపెట్టిందొకరు, పేరొకరిది!

ఎంత మంచి కొలిమి అయినా కొంత ఆవిరి బయటికి పోవాల్సిందే. కొలుములేమో ఊరి పొలిమేరలో కాదు, ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉండేవి. చుట్టూ కొండలు కాబట్టి పొగ కదిలేది కాదు. 1564 నుంచి 1810 దాకా అలా గాల్లో కలిసిన పాదరసం సుమారు 17 వేల టన్నులని, నికొలస్ రాబిన్స్ అనే చరిత్రకారుడు, ఆయనతో పనిచేసిన శాస్త్రవేత్తలు 2012లో అంచనా వేశారు. గాల్లోకి లేచింది గాల్లోనే ఉండదు కదా. వానతో, మంచుతో నేలకు దిగింది. కొలుముల్లోంచి తోడి పోసిన బూడిద, కాలిన రాయి ఎక్కడివక్కడే గుట్టలుగా మిగిలాయి. వాటి మీద మట్టి పేరుకుంది. ఊరు పెరిగింది. అక్కడే ఇళ్లు లేచాయి.

ఇళ్లు దేంతో కట్టారన్నదే ఇక్కడ అసలు విషయం. హువాంకవెలికాలో వేడినీటి ఊటలున్నాయి. ఆ నీరు పారినచోట సున్నం పేరుకుని గట్టి రాయిగా మారుతుంది. ఆ రాతితో ఇళ్లు కడతారని జోసె దె అకోస్టా అనే పాద్రీ 1590లో అచ్చయిన పుస్తకంలోనే ఆశ్చర్యంగా రాశాడు. కానీ పట్టణంలో చాలామందికి దక్కింది మట్టే. కాళ్ల కింది మన్ను తవ్వి, గడ్డి కలిపి తొక్కి, చెక్క అచ్చులో పోసి ఎండబెట్టిన పచ్చి ఇటుకలు. నేల కూడా మట్టిదే. చలి దేశంలో మట్టి గోడను మించిన ఇల్లు లేదు. పగటి ఎండను దాచుకుని రాత్రికి ఇస్తుంది. ఖర్చూ లేదు. మన పల్లెల్లో మట్టి మిద్దెల్లో పెరిగినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

రాబిన్స్ బృందం పట్టణంలోని నాలుగు వాడల్లో... అసెన్సియాన్, సాన్ క్రిస్టోబాల్, సాంతా ఆనా, యననాకోల్లో... 60 మట్టి ఇళ్లను పరీక్షించింది. గోడ ఇటుకల్లో, నేలలో, గదిలోని దుమ్ములో, చివరికి గాల్లోనూ పాదరసం దొరికింది. ఇటుకల్లో కిలోకు 8 మిల్లీగ్రాముల నుంచి వెయ్యికి పైగా తేలింది! 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సీసం, ఆర్సెనిక్ కూడా ఉన్నాయి. అంటే... నాలుగు వందల ఏళ్ల కిందటి కొలిమి పొగ ఇప్పుడు పడగ్గది గోడ అయింది.

గోడలో ఉన్న పాదరసమంతా ఒంట్లోకి రాదు. చాలా భాగం కరగని రూపంలోనే ఉంటుంది. భయమంతా మిగిలిన భాగంతోనే. గోడ రాలుతుంది, నేల ఊడిస్తే దుమ్ము లేస్తుంది. నేల మీద పాకేది పసిపిల్లలు. చేతులు నోట్లో పెట్టుకునేదీ వాళ్లే. పాదరసం, సీసం మొదట దెబ్బతీసేది ఎదిగే మెదడునే.

ఎవర్ని అడగాలి?

ఊరు ఖాళీ చేయొచ్చు కదా అనిపిస్తుంది. చెప్పినంత తేలిక కాదది. అక్కడి జనం కేవలం గని కథకు మిగిలిన బాధితులు కారు. వాళ్ల భాష క్వెచువా. వాళ్ల పొలాల్లో పండే బంగాళాదుంపల రకాలకు లెక్క లేదు. రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగటి ఎండకు ఆరబెట్టి ఏళ్ల తరబడి నిల్వ చేసుకునే ‘చున్యో’ను చూస్తే మన వడియాలు పెట్టే అమ్మమ్మలు మెచ్చుకుంటారు. డిసెంబరు పండగల్లో వీణలాంటి హార్ప్, వయొలిన్ మోగుతుంటే, రెండు ఇనుప పలకలను కత్తెరలా ఆడిస్తూ పోటీపడి చేసే ‘కత్తెర నాట్యం’ వాళ్లది. ఆ నాట్యాన్ని 2010లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. హువాంకాయో నుంచి కొండల అంచున 128 కిలోమీటర్లు సాగే రైలుమార్గం 1926లో వచ్చింది. ఆ రైలు మీద ఓ నానుడే ఉంది... బుద్ధి పుట్టినప్పుడు బయల్దేరుతుంది, చేతనైనప్పుడు చేరుతుంది అని!

పోయిన శతాబ్దం చివర్లో ఇంకో పెద్ద గండం గడిచింది. 1980 నుంచి రెండు దశాబ్దాలు తీవ్రవాదులకూ సైన్యానికీ మధ్య పెరూ కొండప్రాంతం నలిగిపోయింది. సుమారు 69 వేల మంది చనిపోయారో, ఆచూకీ లేకుండా పోయారో అని 2003లో సత్య కమిషన్ తేల్చింది. వాళ్లలో నలుగురికి ముగ్గురు క్వెచువా లాంటి స్థానిక భాషలు మాట్లాడేవారే. దెబ్బతిన్న ప్రాంతాల్లో హువాంకవెలికా ఒకటి. అన్నిటినీ తట్టుకుని నిలబడ్డ ఊరిని దుమ్ము కోసం వదులుకోమంటే ఎలా?

మరి బాగు చేసేదెవరు? ఏ కంపెనీ అయినా విషం వదిలితే ఆ కంపెనీని కోర్టుకీడ్చవచ్చు. ఇక్కడ గని యజమాని ఒకనాటి స్పెయిన్ రాజు. నోటీసు ఏ చిరునామాకు పంపాలి? పాదరసం వాడకాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందాన్ని 2013లో ప్రపంచ దేశాలు ఆమోదించాయి. పెరూ 2016లో, మన దేశం 2018లో అందులో చేరాయి. కలుషిత ప్రాంతాలను గుర్తించి సరిచేసే ప్రయత్నం చేయాలని ఆ ఒప్పందం చెబుతోంది. డబ్బు ఎవరిస్తారన్న దగ్గర కథ ఆగిపోతోంది. మిగతా రెండు పెద్ద పాదరసపు ఊళ్లు... స్పెయిన్‌లోని అల్మాడెన్, స్లొవేనియాలోని ఇద్రియా... 2012లో ప్రపంచ వారసత్వ ప్రదేశాలయ్యాయి. సాంతా బార్బరా గని 2017లో పెరూ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది.

మరమ్మతు అసాధ్యమేమీ కాదు. గోడలకు లోపలి వైపు గట్టి పూత వేయడం, మట్టి నేలను సిమెంటుతో కప్పేయడం. అంతే. విషం పోదు, గోడలోనే బందీ అవుతుంది. కొన్ని ఇళ్లలో ప్రయోగాత్మకంగా చేశారు కూడా. మిగతా ఇళ్లలో గోడ గోడలాగే ఉంది. కూలిపోయిన గోడ మట్టి మంచిదే కదా అని మళ్లీ తడిపి, ఇచు గడ్డి కలిపి తొక్కితే కొత్త ఇటుక తయారవుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వానలుండవు. పచ్చి ఇటుకలు ఆరబెట్టుకోవడానికి అదే అదను.